ఐవర్ చివరి పేరా

ఫోన్లో కారిన్ లాహ్తీ "పాఠం" అంది. నాకు "పటం" అని వినిపించింది.

తప్పు నా చెవిది కాదు, మా పొరుగాయన మంచు ఊడ్చే యంత్రానిది. డిసెంబరు మొదటివారం. ఆ యంత్రం కూత ముందు మనిషి మాట ఏపాటి?

"మా బ్రిట్టా కాలేజీ వ్యాసం మొదలుపెట్టింది లెన్. వాళ్ళన్న ఐవర్ పాఠం మీద రాస్తానంటోంది."

"పటం మీదా? భేష్! కంటికి కనిపించే వస్తువు ఏదైనా మంచిదే. పటంలో ఏం చొక్కా వేసుకున్నాడో అక్కణ్ణించి ఎత్తుకోమను."



"చొక్కా ఏమిటి?"

"పోనీ టోపీ."

"నీ తలకాయ! ముందు ఆ మోత ఆగనీ, తర్వాత మాట్లాడు. పటం కాదు, పాఠం. వాడి వ్యాసంలో చివరి పేరా. ఇంట్లో మేం దాన్ని పాఠం అనే అంటాం కదా."

యంత్రం ఆగింది. నా నోరూ ఆగింది. మా సరస్సు ఏటా గడ్డకడుతుంది గాని, నా నోరు గడ్డకట్టడం ఊళ్ళో ఎవరూ చూసి ఎరగరు.

"ఏం, వినపడుతోందా?" అంది కారిన్.

"వినపడింది. పంపించు," అన్నాను.

నా పేరు లెన్ పెక్కాలా. యాభై నాలుగేళ్ళు. మిన్నెసోటా ఉత్తరాన, ఊరికన్నా సరస్సే పెద్దదైన ఒక ఊళ్ళో, బేకరీ మేడ మీద గదిలో కూర్చుని, కాలేజీలకు దరఖాస్తు పెట్టుకునే పదిహేడేళ్ళ పిల్లలచేత తమ గురించి తాము ఆరువందల యాభై మాటల్లో రాయిస్తూ ఉంటాను. పిల్లలకు అది వ్యాసం, నాకు ఆయాసం, కన్నవాళ్ళకు ప్రయాస. పదిహేడేళ్ళకే ఎవరికైనా చెప్పుకోదగ్గ చరిత్ర ఎక్కణ్ణుంచి వస్తుంది? అందుకని మొదటి చిత్తుప్రతిలో అమ్మమ్మ చచ్చిపోతుంది. వద్దంటే రెండో చిత్తులో మోకాలు విరుగుతుంది. అదీ వద్దంటే మూడో చిత్తులో ఆ మోకాలికి అమ్మమ్మ కట్టు కడుతుంది.

"ఒరేయ్, లెక్కల్లో వ్యాసం గుర్తుందా? కేంద్రం గుండా పోతేనే వ్యాసం. పక్కనుంచి పోతే ఒట్టి గీత. నీ వ్యాసం నీలోంచి పోవాలి," అంటాను. ఈ ముక్కకు నవ్వని పిల్లలకు బేకరీ నుంచి ఒక బన్ను తెప్పించి నవ్విస్తాను.

మా వృత్తికి సూత్రాలు రెండే. ఒకటి, చివరి పేరాలో మార్పు కనిపించాలి. మార్పు లేకపోతే మార్కు లేదు. భయస్తుడు ధైర్యం తెచ్చుకోవాలి, బిడియస్తుడు వేదికెక్కాలి, ఓడినవాడు ఓటమిలోంచి ఏదో ఒకటి ఏరుకోవాలి. రెండు, రాయించేవాడు రాయకూడదు. అడగాలి గాని అల్లకూడదు, దిద్దాలి గాని దూర్చకూడదు. పన్నెండేళ్ళలో రెండో సూత్రం నేను తప్పింది ఒక్కసారే. మొదటి సూత్రం కోసమే తప్పాను.

తొమ్మిదేళ్ళ కిందట కారిన్ పెద్దకొడుకు ఐవర్ నా దగ్గర రాశాడు. పొడుగ్గా, వంగి నడిచే కుర్రాడు. మాట అడిగితే భుజాలు ఎగరేసేవాడు, రెండోసారి అడిగితే చెప్పేవాడు. వాళ్ళ తాత చలికాలమంతా గడ్డకట్టిన సరస్సు మీద చిన్న చేపల గుడిసె వేసుకుని, మంచుకు కన్నం పెట్టి గాలం వేసేవాడు. వీడు చిన్నప్పటినుంచీ ఆయన వెంట పోయేవాడు. వ్యాసం దాని గురించే. మొదటి వాక్యం నుంచి చక్కగా నడిచింది, చివరి పేరా దగ్గర చప్పగా కూలబడింది. పంపాల్సిన గడువు ఆ సాయంత్రమే. వాడికి నాలుగింటికి ఇనప సామాన్ల కొట్లో డ్యూటీ.

"మార్పేదిరా?" అన్నాను.

"లేదు మిస్టర్ పెక్. నేనేం మారలేదు."

"మారనివాణ్ణి కాలేజీవాళ్ళు తీసుకోరు నాయనా."

"అయితే మారినవాణ్ణి మీరే రాసెయ్యండి. నాకు టైమైపోయింది."

వాడు జాకెట్టు తొడుక్కునే లోపల నాలుగు వాక్యాలు కొట్టేశాను. ఆరు నిమిషాలు పట్టిందేమో. 'ఒకప్పుడు మంచు మీద అడుగు వేయాలంటే వణికేవాణ్ణి. ఇప్పుడు నాకు భయం లేదు. కాలి కింద ఉన్నదాన్ని నమ్మినవాడే ముందుకు నడవగలడు. నేను నమ్మడం నేర్చుకున్నాను.'

వాడు నిలబడే చదివాడు.

"ఇది నేనేనా సార్?"

"నువ్వే. కాస్త ఇస్త్రీ చేశానంతే."

నవ్వాడు. మీట నొక్కి పంపించి, మెట్లు దిగి వెళ్ళిపోయాడు.

కాలేజీ సీటు వచ్చింది. మార్చి నెలాఖరున, మంచు మెత్తబడే రోజుల్లో, గుడిసె దగ్గర మిగిలిపోయిన తాత పొయ్యి తెచ్చుకోవడానికి ఒక్కడే నడిచి వెళ్ళాడు. వాగు వచ్చి కలిసేచోట మంచు విరిగింది. వాడికి పద్దెనిమిదేళ్ళు.

అంత్యక్రియలనాడు పాస్టర్ ఆ నాలుగు వాక్యాలు చదివాడు. "మనవాడు భయం లేకుండా వెళ్ళాడు. తన మాటల్లోనే వినండి," అన్నాడు. చర్చి అంతా ఏడ్చింది. నేనూ ఏడ్చాను. ఏడుస్తూనే, రెండో వాక్యంలో 'ఇప్పుడు' అనవసరం కదా అనుకున్నాను. వృత్తిదోషం. ఆనాడే లేచి చెప్పవలసింది. కాని కారిన్ చేతిలో ఆ కాగితం ఉంది. మునిగిపోయేవాడి చేతిలో తాడులా పట్టుకుంది. తాడు నకిలీదని ఎలా చెప్పను? వచ్చేవారం చెబుదామనుకున్నాను. ఆ వచ్చేవారం తొమ్మిదేళ్ళుగా వస్తూనే ఉంది.

ఇతరులను చచ్చినవాళ్ళు పట్టుకుంటారంటారు. నన్ను నా వాక్యమే పట్టుకుంది. సరస్సు గట్టున బెంచీ వేశారు, దాని మీద చెక్కారు. ఏటా ఏప్రిల్‌లో వాడి పేరుతో పరుగుపందెం పెడతారు, బనీన్ల వీపుల మీద అచ్చువేస్తారు. నాలుగువందల వీపులు నా వాక్యం మోసుకుని నా ముందునుంచే పరుగెత్తుతాయి. బేకరీలో ఫ్రిజ్ తలుపుకు అంటించారు. ఒక ఏడాది ఒక పిల్ల తన వ్యాసంలో 'ఐవర్ లాహ్తీ అన్నట్టు' అని ఎత్తుకుని రాసింది. 'అరిగిపోయిన మాట, తీసెయ్' అని ఎర్రసిరాతో కొట్టేశాను. ఆ పిల్ల ఏడ్చింది, వాళ్ళమ్మ నాతో ఏడాదిపాటు మాట్లాడలేదు.

డిసెంబరులో సరస్సు గడ్డకట్టేటప్పుడు మూలుగుతుంది. కొత్తవాళ్ళు ఏదో జంతువనుకుంటారు. మంచు సాగి, బిగిసి, ఒక కొసనుంచి ఇంకో కొసకు పొడుగ్గా ఒక చప్పుడు పోతుంది. ఊరందరికీ అది మంచు చప్పుడు. నాకు మాత్రం ఏటా అది 'ఇది నేనేనా సార్?' అనే ఒకే ప్రశ్నలా వినిపిస్తుంది. జవాబుగా పెద్ద గొంతుతో ఏదో ఒక జోకు వేస్తాను. నా గొంతు ఎందుకింత పెద్దదని అడుగుతుంటారు. ఇందుకే.

మర్నాడు బడి వదిలాక బ్రిట్టా వచ్చింది. అన్న పోయినప్పుడు దానికి ఎనిమిదేళ్ళు, ఇప్పుడు పదిహేడు. అదే పొడుగు, అదే వంపు.

"బన్ను తింటావా? లేకపోతే బన్నే నిన్ను తింటుందా?" అన్నాను.

"మీ జోకులు అన్నయ్య కాలంనుంచీ ఇవేనట కదా. అమ్మ ముందే చెప్పి పంపించింది," అంది కాగితాలు తీస్తూ.

చదివాను. బాగా రాసింది. అన్నకు భయం లేదు, తనకు అన్నీ భయమే. వాగు మీద వంతెన భయం. తొట్టి నిండా నీళ్ళు భయం. రోజూ స్కూలు బస్సు వంతెన ఎక్కగానే కళ్ళు మూసుకుని అన్న పాఠం నాలుగు వాక్యాలూ మనసులో చదువుకుంటుంది. పనిచెయ్యదు. అన్నలో ఉన్నదేదో తనలో లేదు. అక్కడితో ఆగిపోయింది.

"చివరి పేరా లేదే?"

"అదే కదా. చివరి పేరాలో మారాలి. నేను మారలేదు. అబద్ధం రాయడం నాకిష్టం లేదు. అన్నయ్య అబద్ధం రాయలేదుగా." బన్ను అంచు గిల్లుతూ మామూలుగా చెప్పింది. "అందుకని ముందు మారదామనుకుంటున్నా. శనివారం."

"శనివారం ఏమిటి?"

"ఒక్కదాన్నే సరస్సు మీదికి నడుస్తా. వాగు కలిసే దగ్గరికి. మంచుకు కన్నం వేసే బర్మా తీసుకెళ్ళను, మందం కొలవను. అన్నయ్యలాగే నమ్మి నడుస్తా. వచ్చి చివరి పేరా రాసుకుంటా. అప్పుడది నిజమవుతుంది కదా?"

కిటికీలోంచి సరస్సు కనిపిస్తోంది. మంచు పట్టి పది రోజులు కాలేదు. గట్టున రెండు అంగుళాలుంటుందేమో. వాగు దగ్గర అదీ ఉండదు.

నా ముందు కంప్యూటరు తెరిచే ఉంది. వద్దమ్మా, నడవద్దు, నేనే ఒక పేరా రాసిస్తా అనబోయాను. వేళ్ళు మీటల మీదికి పోయాయి కూడా. ఇంకో నాలుగు వాక్యాలు, ఇంకో ఆరు నిమిషాలు. వేళ్ళు అక్కడే చల్లబడిపోయాయి.

"మీ నాన్న ఇంట్లో ఉన్నాడా?" అన్నాను.

"ఉంటాడు. ఏం?"

"కోటు తొడుక్కో. మీ ఇంటికి పోదాం."

బీరువాలోంచి ఒక దస్త్రం తీశాను. ప్రతి పిల్లవాడి ప్రతి చిత్తూ దాచడం నాకు అలవాటు. ఐవర్ మూడో చిత్తు ఎక్కడుందో వెతుక్కోవలసిన పని లేకపోయింది.

మా ఊళ్ళో మూడో కప్పు కాఫీ దాకా ఎవరూ అసలు సంగతి ఎత్తరు. మొదటి కప్పు వాతావరణానికి, రెండోది రోడ్లకు. కారిన్ వంటింటి బల్ల మీద, ఓవెన్‌లోంచి అప్పుడే తీసిన బంగాళాదుంపల హాట్‌డిష్ పెట్టింది. వద్దన్నాను. ఇంకోసారి పెట్టింది. వద్దన్నాను. మూడోసారి తిన్నాను. కారిన్ మొగుడు వెండెల్ ఎదురుగా కూర్చున్నాడు. రంపపు మిల్లులో పనిచేసిన మనిషి. కొడుకు పోయినప్పటినుంచి సరస్సు మీద అడుగు పెట్టలేదు. గోడ మీద ఆ పేరా అద్దం ఫ్రేములో ఉంది. అందరికన్నా అదే నన్ను ఎక్కువసేపు చూసింది.

"ఏం లెన్, ఇవాళ నీ నోటికి సెలవా?" అన్నాడు వెండెల్.

మూడో కప్పు పోసింది కారిన్.

"ఆ పేరా ఐవర్ రాయలేదు. నేను రాశాను," అన్నాను.

కారిన్ నవ్వింది. "ఏదో ఒకటి అంటావు."

"జోకు కాదు కారిన్. వాడి చివరి పేరాలో మార్పు లేదని తీసేశాను. డ్యూటీకి టైమైందన్నాడు. ఆరు నిమిషాల్లో నేను కొట్టి పంపించాను. నాలుగు వాక్యాలూ నావే."

కాగితం బల్ల మీద పెట్టాను. వాడి పేరా మీద నా ఎర్రసిరా అడ్డగీత, పక్కన 'మార్పేది?' అని నా దస్తూరి.

కారిన్ లేచి, గోడ మీది అద్దం దించి తెచ్చి, కాగితం పక్కన పెట్టింది. ఒక్కో మాట మీద వేలు పెట్టి రెండూ పోల్చుకుంటూ పోయింది.

"తొమ్మిదేళ్ళు," అంది. "తొమ్మిదేళ్ళు పొద్దున్నే లేచి నేను నీ వాక్యాన్ని ముద్దుపెట్టుకున్నానా లెన్?"

దీనికి నా దగ్గర జోకు ఉంది. ఎప్పుడూ ఉంటుంది. మింగేశాను.

"వాడు భయం లేకుండా పోయాడనుకున్నా. నాకు మిగిలింది అదొక్కటే. ఉండనియ్యకపోయావా? ఇన్నేళ్ళు నోరు మూసుకున్నవాడివి, ఇంకో ఇరవై ఏళ్ళు మూసుకోలేకపోయావా? ఇవాళే ఎందుకు చెప్పాలి?"

నేను బ్రిట్టా వైపు చూశాను. అది పళ్ళెంలోకి చూస్తోంది.

"నా వల్లమ్మా," అంది. "శనివారం నేను సరస్సు మీదికి వెళ్దామనుకున్నా. వాగు దగ్గరికి. బర్మా లేకుండా. అన్నయ్య లాగా."

కారిన్ చేతిలో కాఫీ కెటిల్ ఉంది. దాన్ని పొయ్యి మీద పెట్టబోయి, బల్ల మీద పెట్టబోయి, ఎక్కడ పెట్టాలో తెలీనట్టు అలాగే పట్టుకుని నిలబడింది. కాసేపటికి బ్రిట్టాయే లేచి అందుకుంది.

వెండెల్ కాగితం తన వైపు లాక్కున్నాడు. కళ్ళజోడు లేదు, దూరంగా పట్టుకుని కూడబలుక్కున్నాడు. "ముప్ఫై అడుగులకోసారి..." అని ఆగాడు. మళ్ళీ చదివాడు. "ముప్ఫై అడుగులకోసారి ఆగి, బర్మాతో కన్నం వేసి మందం కొలుస్తాను. మా స్నేహితులు నవ్వుతారు."

కాగితం కింద పెట్టాడు.

"కన్నాలున్నాయి," అన్నాడు.

"ఏం కన్నాలు?" అంది కారిన్.

"ఆవేళ షెరీఫ్ మనుషులు చెప్పారు. ఒడ్డునుంచి వరసగా కొత్త కన్నాలున్నాయని, కొలత పెట్టి వేసినట్టున్నాయని. మీవాడివా అని అడిగారు. కాదన్నాను. మావాడు కొలవడు, మావాడికి భయం లేదు, రాసుకున్నాడు కదా అన్నాను. ఇంకెవడో చేపలవాడివి అనుకున్నా." కప్పు పక్కకు జరిపాడు. "వాడి మీద కోపం పెట్టుకున్నాను. మా నాన్న అంత నేర్పితే, కొలవకుండా పోయాడు బుద్ధిలేని వెధవ అని. సమాధి దగ్గరికి పోయినా అదే కోపం. నీకెప్పుడూ చెప్పలేదు కారిన్."

"ఎన్నున్నాయి నాన్నా?" అంది బ్రిట్టా.

"పదకొండు."

పన్నెండోది ఎక్కడ వేసేవాడో అందరమూ లెక్క వేసుకుంటున్నాం.

"అంటే, భయపడ్డా పోయాడుగా," అంది బ్రిట్టా చివరికి.

"భయపడ్డాడు, చూసుకున్నాడు, పోయాడు," అన్నాడు వెండెల్. "మంచుకి ఇవేం పట్టవమ్మా. కానీ వాడు చూసుకున్నాడు." ఆ ఆఖరి మాట రెండుసార్లు అన్నాడు.

కారిన్ నా కోటు తెచ్చి నా చేతిలో పెట్టింది. మా ఊళ్ళో అతిథిని సాగనంపడానికి వాకిట్లో అరగంట పడుతుంది. ఆ పూట అర నిమిషం పట్టలేదు.

"ఆదివారం చర్చికి వచ్చి చెప్పు," అంది. "పాస్టర్‌తో చెప్పి నేనే నీకు టైమిప్పిస్తా. బెంచీ మీద చెక్కినవాళ్ళు, బనీన్లు కుట్టించినవాళ్ళు అందరూ అక్కడే ఉంటారు. అందరికీ చెప్పు. నీ జోకులు ఇంట్లో పెట్టి రా."

ఆ శనివారం పొద్దున్నే కిటికీ దగ్గర కూర్చున్నాను. సరస్సు మీద ఎవరూ లేరు. మధ్యాహ్నం దాకా చూశాను, ఎందుకైనా మంచిదని చీకటి పడేదాకా చూశాను. మంచు రెండుసార్లు మూలిగింది. నేను జోకేమీ వెయ్యలేదు.

ఆదివారం ప్రార్థన అయ్యాక ప్రకటనల వేళ వచ్చింది. మాంసపు ఉండల విందు టిక్కెట్ల గురించి ఒకావిడ చెప్పింది. చర్చి మెట్ల మీద మంచు ఎవరు తియ్యాలో ఆ పేర్ల పట్టీ ఒకాయన చదివాడు. తర్వాత నేను నిలబడ్డాను. పాతికేళ్ళుగా నేను లేస్తేనే నవ్వడం అలవాటైన ఊరు. ముందు వరసలవాళ్ళు నేను నోరు తెరవకముందే నవ్వడం మొదలుపెట్టారు.

ఏ మెలికా లేకుండా చెప్పాను. బెంచీ మీది మాటలు నావి. బనీన్ల మీది మాటలు నావి. పాస్టర్ ఆనాడు చదివినవీ నావే. ఐవర్ వేరే రాశాడు, నేను కొట్టేశాను, తొమ్మిదేళ్ళు దాచాను. చెబుతుంటే నా గొంతు ఎంత చిన్నదో నాకే వింతగా ఉంది. మూడో వరస దాటి పోవడం లేదు. ముందున్నవాళ్ళ మొహాల్లో నవ్వు ఒక్కొక్కటే ఆరిపోయింది. వెనకున్నవాళ్ళు ఒకరి మొహాలొకరు చూసుకుంటున్నారు.

చివరి వరసలో ఏగ్నెస్ టోర్గర్సన్ కూర్చుంది. తొంభై ఒకటి ఆవిడకు, చెవిలో మిషను. "ఏమంటున్నాడూ? ఎవరు పోయారూ?" అని అరిచింది. పక్కావిడ చెవిలో ఏదో చెప్పింది. "పిల్లాడు రాయలేదా? మరి ఎవరి పిల్లాడు రాశాడూ?" అంది ఇంకా గట్టిగా.

నేను మళ్ళీ చెప్పాను. అదీ మూడో వరస దాటలేదు.

లాహ్తీల వరసలోంచి బ్రిట్టా లేచింది. పక్కన వెండెల్, అటుపక్క కారిన్ తల వంచుకుని ఉంది. బ్రిట్టా కాళ్ళు వణుకుతున్నాయి. నాకే కాదు, అందరికీ కనిపిస్తోంది. అది వెనక్కి తిరిగి, చర్చి కొసదాకా వినపడేట్టు చెప్పింది.

"చివరి పేరా మిస్టర్ పెక్ రాశాడు, ఏగ్నెస్ బామ్మా. అన్నయ్య రాసింది వేరే ఉంది. నా దగ్గరుంది, చదువుతా వినండి." కోటు జేబులోంచి కాగితం తీసింది. "'ముప్ఫై అడుగులకోసారి ఆగి, బర్మాతో కన్నం వేసి మందం కొలుస్తాను. మా స్నేహితులు నవ్వుతారు. నాకు మంచు అంటే భయం. మా తాతయ్యకూ భయమే. ఆయన ఎనభై ఒక్కేళ్ళు బతికాడు. దీన్నుంచి నేనేం నేర్చుకున్నానో నాకు తెలీదు. గుడిసెలో సూప్ మాత్రం బావుంటుంది.'"

కాగితం మడిచింది.

"అంతే రాశాడు. మీరందరూ అనుకున్నట్టు మా అన్నయ్యకి భయం లేకపోవడం కాదు. ఉంది."

"ఆఁ, ఇప్పుడు వినపడింది," అంది ఏగ్నెస్.